పాస్టర్ గారి తర్వాత కొడుకే పాస్టర్ అవ్వాలా? ఆది సంఘం రూల్స్ ఇప్పటికి పనికొస్తాయా?

బెరయ_వాసి:
అందరికీ వందనాలు. మాది ఇండిపెండెంట్ సంఘం, ఏ మిషన్ కిందా లేదు. పాస్టర్ గారు ఒక పూరిపాకలో మొదలుపెట్టి ఇప్పుడు స్లాబ్ మందిరం, వెనకాల రెండు గదులు, రోడ్డు పక్కన కొంచెం స్థలం దాకా తెచ్చారు, ఆయన కష్టం గురించి ఎవరికీ రెండో మాట లేదు. ఇప్పుడు పెద్దవారయ్యారు, గుండె ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడి వాక్యం చెప్పలేకపోతున్నారు. మొన్న ఆరాధన అయిపోయాక ఆశీర్వాదానికి ముందు, వాళ్ళ అబ్బాయికి హస్తనిక్షేపణ (తల మీద చేతులుంచి పాస్టర్‌గా నియమించడం) చేసి సంఘం అప్పగిస్తున్నాం, ప్రార్థన చేయండి అని అనౌన్స్ చేసేశారు. అబ్బాయి చెడ్డవాడేం కాదు, బీటెక్ చేశాడు, కీబోర్డ్ వాయిస్తాడు, యూత్‌ని బాగా నడుపుతాడు. కానీ ఎవర్నీ అడగలేదు. సంఘ పెద్దలం అని పేరుకి నలుగురం ఉన్నాం, మాక్కూడా మైకులోనే తెలిసింది.

నాకు ఆది సంఘం చరిత్ర చదవడం అలవాటు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నాలుగో శతాబ్దం చివర్లో సిరియా వైపు కూర్చిన అపొస్తలుల నియమాలు అని 85 ఉన్నాయి కదా, అందులో 76వది సూటిగా ఇదే సంగతి మాట్లాడుతుంది. అధ్యక్షుడు, అంటే బిషప్, తన తమ్ముడికో కొడుకుకో ఇంకో బంధువుకో అభిమానంతో ఆ పదవి కట్టబెట్టకూడదు, దేవుని సంఘానికి వారసులు ఉండకూడదు అని. 341 అంతియొకయ సభ పేరుతో ఉన్న నియమాల్లో 23వది ఇంకా కఠినం, చావుబతుకుల్లో ఉన్నా సరే అధ్యక్షుడు తన తర్వాత వాడిని తాను నియమించకూడదు అంటుంది. ఇంత స్పష్టంగా రాసి పెట్టుకున్నారంటే ఆ రోజుల్లోనే ఈ గొడవ ఉన్నట్టేగా. ఇవి ఇప్పటి పాస్టర్లకి వర్తిస్తాయా, లేదా అవి వాళ్ళ కాలానికేనా? మీ అభిప్రాయాలు చెప్పండి, దయచేసి పాస్టర్ల మీద బూతులు వద్దు.

సువార్త_రాజు:
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు కానీ దారి తప్పుతున్నారు. బైబిల్ చాలు మనకి. ఈ నియమాలూ సభలూ అన్నీ క్యాథలిక్ వాళ్ళవి, మనుషులు కూర్చుని రాసుకున్నవి. బైబిల్లో అహరోను తర్వాత ఎలియాజరు, ఎలియాజరు తర్వాత ఫీనెహాసు, కొడుకులే కదా? దేవుడే పెట్టాడు ఆ క్రమం. దైవజనుడు ప్రార్థన చేసి నిర్ణయం తీసుకుంటే ప్రశ్నించడానికి మనం ఎవరం. నేను అభిషేకించిన వారిని ముట్టకూడదు అని కీర్తనల్లో ఉంది, దావీదు సౌలు మీద చెయ్యి వెయ్యలేదు, అది గుర్తుపెట్టుకోండి.

చరిత్ర_పిచ్చి:
రాజు గారూ, మీరు క్యాథలిక్ అన్న ఆ 76వ నియమం లాటిన్ సంఘం పుస్తకాల్లో అసలు లేనే లేదండి. 500 ప్రాంతంలో డయొనీసియస్ అనే సన్యాసి ఈ నియమాల్ని లాటిన్‌లోకి తెచ్చినప్పుడు మొదటి 50 మాత్రమే తెచ్చాడు, రోమా వైపు అవే నడిచాయి. 85 మొత్తం ఒప్పుకుంది తూర్పు సంఘాలు. పేరులో అపొస్తలులు అని ఉన్నా వాళ్ళు రాసినవి కావు, అది అందరూ ఒప్పుకునేదే. కాబట్టి దాన్ని వాక్యంతో సమానంగా పెట్టమని ఎవరూ అనట్లేదు, ఇలాంటి తలనొప్పి వచ్చినప్పుడు మనకంటే ముందున్న విశ్వాసులు ఏం చేశారో చూడటానికే.

ఇక అహరోను సంగతి. అది యాజకత్వం, గోత్రాన్ని బట్టి వచ్చేది. నాయకత్వం విషయంలో మోషేకి ఇద్దరు కొడుకులు ఉన్నారు, గెర్షోము, ఎలీయెజెరు. సంఖ్యాకాండం 27 తీయండి, మోషే నా కొడుకుని పెట్టు అని అడగలేదు, సమాజం కాపరి లేని గొర్రెల్లా అయిపోకూడదు ఒకణ్ణి నియమించు అని అడిగాడు, దేవుడు యెహోషువని చూపించాడు, అదీ సమాజమంతా చూస్తుండగా నిలబెట్టమన్నాడు. కొడుకుల్ని పెట్టింది సమూయేలు. యోవేలు, అబీయా బెయేర్షెబాలో లంచాలు తిన్నారు, అది చూసే జనం మాకు రాజు కావాలని మొదలుపెట్టారు. ఏలీ కొడుకుల కథ చెప్పక్కర్లేదు, ప్రతి ఉపవాస కూడికలో వింటూనే ఉంటాం.

ముట్టకూడదు అన్న మాట కీర్తన 105లో అన్యరాజుల్తో చెప్పింది, అబ్రాహాము ఇస్సాకు వాళ్ళ గురించి. లెక్కలు అడిగిన సంఘ పెద్దలకి చెప్పింది కాదు. పౌలు 1 తిమోతి 5లో పెద్ద మీద ఫిర్యాదు ఇద్దరు ముగ్గురు సాక్షులతో వస్తే వినమనే చెప్పాడు, తప్పు చేసినవాళ్ళని అందరి ముందు గద్దించమన్నాడు.

పీకే_అనుకోండి:
నేను ఇంకో పాస్టర్ గారి అబ్బాయిని, పీకే అంటే పాస్టర్స్ కిడ్. పరిచర్యలో లేను, హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. అందరూ నియమాల గురించి బానే మాట్లాడుతున్నారు, ఒక్కసారి మా ఇంటి వైపు నుంచి కూడా చూడండి. మా నాన్నకి జీతం అని ఏనాడూ లేదు. కానుకలు ఎంత వస్తే అంత, పండగలప్పుడు బియ్యం బట్టలు, చందా పుస్తకం పట్టుకుని తిరిగితే మందిరానికి సిమెంటు. పీఎఫ్ లేదు పెన్షన్ లేదు ఇన్సూరెన్స్ లేదు. మందిరం వెనకాల గదుల్లోనే పుట్టి పెరిగాం, మా అమ్మకి సొంత ఇల్లు అంటే అదే. రేపు నాన్నకి ఏమన్నా అయితే కొత్త పాస్టర్ వస్తాడు, ఆయనకీ ఆ గదులే కావాలి. అప్పుడు మా అమ్మ ఎక్కడికి వెళ్ళాలి? సంఘంలో ఎవరైనా ఆలోచించారా ఇది? కొడుకుని పెడితే వారసత్వం అంటారు, పెట్టకపోతే అమ్మ రోడ్డు మీద పడుతుంది. చాలామంది పాస్టర్లు కొడుకుని బలవంతంగా సెమినరీకి పంపేది సగం దేవుని పిలుపు వల్ల కాదు, ఈ భయం వల్ల. నేను వెళ్ళనన్నానని మూడేళ్ళు మా నాన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఓరుగల్లు_విశ్వాసి:
పీకే తమ్మి చెప్పింది నిజమే గానీ, దాని వెనక ఇంకోటి ఉన్నది. భూమి ఎవరి పేరు మీద ఉన్నది? మా దగ్గర ఒక సంఘంల ఏమైందంటే, జాగ కొన్నప్పుడు విశ్వాసులందరు పైసలేసిండ్రు, కూలి చేసుకునే ఆడోళ్ళు కూడ పుస్తెలమ్మి ఇచ్చిన్రు, రిజిస్ట్రేషన్ మాత్రం పాస్టర్ పేరు మీద అయ్యింది, అప్పట్ల సొసైటీ గిట్ల ఎవ్వరికి తెల్వదు, తొందరల అట్ల చేసిన్రు. పాస్టర్ సచ్చిపోయినంక ముగ్గురు కొడుకులు కొట్లాట, పెద్దోడు వాక్యం చెప్తడు, చిన్నోడు తాగుతడు, వాడు వచ్చి నా భాగం నాకు కావాలె అని మందిరానికి తాళమేసిండు. చట్టం ప్రకారం వానికి హక్కు ఉన్నది గదా మరి. ఇంకెక్కడి అభిషేకం, ఇంకెక్కడి పిలుపు, తహసీల్దారు ఆఫీస్ చుట్టు తిరుగుడే. అందుకే నేనంటా, ఎవరు పాస్టర్ అయితడు అన్నది తర్వాత, ముందు ఆస్తి సంగతి తేల్చాలె.

మిషన్_కాంపౌండ్:
మాది పాత మిషన్ సంఘం, పేరు చెప్పను. మాకు కాన్‌స్టిట్యూషన్ ఉంది, కమిటీ ఉంది, ఎలక్షన్ ఉంది, పాస్టర్లకి ట్రాన్స్‌ఫర్ ఉంది, రిటైర్మెంట్ ఉంది. కొడుక్కి అప్పగించడం కుదరదు. అయితే ఏదో స్వర్గంలో ఉన్నాం అనుకోకండి. ఎలక్షన్ వచ్చిందంటే ఏ కులం ఓట్లు ఎన్ని, ఏ ఊరి డెలిగేట్లు ఎవరి వైపు, రాత్రి ఎవరి ఇంట్లో బిర్యానీ ఇవే మాటలు. ఒక ప్యానెల్ గెలిస్తే రెండో ప్యానెల్ కోర్టుకి వెళ్తుంది, స్టే వస్తుంది, స్కూళ్ళ జీతాలు ఆగిపోతాయి. కాంపౌండ్‌లో స్థలాలు లీజుకి ఎవరికి ఎలా పోయాయో ఎవరికీ తెలీదు. కాబట్టి అందరినీ అడిగి పెట్టడమే మందు అంటే నేను నవ్వుతా. కనీసం తండ్రి కట్టిన సంఘాన్ని కొడుకు అయితే జాగ్రత్తగా చూసుకుంటాడు.

చరిత్ర_పిచ్చి:
మీరు చెప్పింది ఆది సంఘానికి కూడా కొత్త కాదు. 366లో రోమాలో దమసు, ఉర్సీను అని ఇద్దరు అక్కడి అధ్యక్ష పదవికి పోటీ పడితే, ఒక్క రోజులో ఒక మందిరంలో 137 శవాలు తేలాయని ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానుసు రాశాడు. ఆయన క్రైస్తవుడు కూడా కాదు. ఆ పదవి కోసం ఎందుకు కొట్టుకున్నారో కూడా ఆయనే చెప్పాడు, గెలిచినవాడికి గొప్పింటి ఆడవాళ్ళ కానుకలు, బండ్లలో ఊరేగింపు, రాజుల్ని మించిన విందులు. ఎలక్షన్ ఉన్నంత మాత్రాన శుభ్రం ఉండదు, సరే.

బంధువులు పదవిలోకి రావడం కూడా మొదటి నుంచీ ఉన్నదే, ఇది బెరయ అన్న కొంచెం దాటేశారు. యెరూషలేములో యాకోబు చనిపోయాక ప్రభువుకి వరసకి తమ్ముడయ్యే సుమెయోనుని పెట్టారు. 190 ప్రాంతంలో ఎఫెసు అధ్యక్షుడు పొలిక్రాతే రోమాకి ఉత్తరం రాస్తూ, మా బంధువుల్లో ఏడుగురు అధ్యక్షులుగా ఉన్నారు నేను ఎనిమిదోవాణ్ణి అని గర్వంగానే చెప్పుకున్నాడు. 412లో అలెగ్జాండ్రియాలో థియోఫిలు చనిపోతే మేనల్లుడు సిరిల్ ఎక్కాడు, వీధుల్లో కొట్లాటలతో సహా. మన దేశంలోనే కేరళ తోమా క్రైస్తవుల్లో పకలోమట్టం కుటుంబంలో మేనమామ నుంచి మేనల్లుడికి అర్చిడీకన్ (సంఘాన్ని నడిపే పెద్ద) పదవి తరతరాలు వచ్చింది.

అన్నింటికంటే పెద్ద ఉదాహరణ అర్మేనియా. అక్కడ సంఘాన్ని స్థాపించిన గ్రెగొరీ తర్వాత చిన్న కొడుకు అరిస్తాకే, 325 నికయ సభకి వెళ్ళింది ఈయనే, తర్వాత పెద్ద కొడుకు వ్రథానే, ఆయన కొడుకు హుసిక్. హుసిక్ కొడుకులు ఇద్దరూ ఎందుకూ పనికిరాకుండా పోయారు. కానీ వాళ్ళలో ఒకడి కొడుకు నెర్సే చాలా మంచివాడు, ఆయన కొడుకు సహాక్ హయాంలోనే మెస్రోప్ మష్తోత్సు అర్మేనియా లిపి తయారుచేశాడు, ఇద్దరూ కలిసి బైబిల్ తర్జుమా చేయించారు. అంటే వంశం నుంచి పనికిమాలినవాళ్ళూ వచ్చారు, ఒక జాతి భాషని నిలబెట్టినవాళ్ళూ వచ్చారు. అయినా తర్వాత 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన సభ తన 33వ నియమంలో అర్మేనియా పేరు ఎత్తి మరీ చెప్పింది, యాజక వంశంలో పుట్టినవాళ్ళనే తీసుకోవడం ఆపండి, వాడు తగినవాడా కాదా అన్నదే చూడండి అని.

సువార్త_రాజు:
చూశారా, మీరే ఒప్పుకున్నారు, బంధువులు ఉన్నారని. ప్రభువు సొంత కుటుంబంలోంచే యెరూషలేము సంఘానికి కాపరి వచ్చాడు. ఇంకేం కావాలి.

చరిత్ర_పిచ్చి:
సుమెయోను సంగతిలో ఆది సంఘ చరిత్ర రాసిన ఎవుసేబియు ఏం రాశాడో కూడా చదవండి మరి. అపొస్తలుల్లో మిగిలినవాళ్ళు, శిష్యులు, బంధువులు అందరూ ఒకచోట కూడి, ఎవరు తగినవారు అని మాట్లాడుకుని, అందరూ ఒకే మాటగా ఆయన్ని ఎన్నుకున్నారు అని ఉంది. యాకోబు వీలునామా రాసి ఇవ్వలేదు. 96 ప్రాంతంలో రోమా సంఘం కొరింథుకి రాసిన ఉత్తరంలో క్లెమెంతు కూడా అదే అంటాడు, అపొస్తలులు నియమించారు, వాళ్ళ తర్వాత పరీక్షింపబడినవాళ్ళు, సంఘమంతా సమ్మతించగా. దిదకే అని చిన్న పుస్తకం ఉంది, మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదలో, దాని పాత ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్ లైబ్రరీలో బయటపడింది, అందులో 15వ అధ్యాయం మీరే మీ కోసం అధ్యక్షుల్ని పరిచారకుల్ని ఎన్నుకోండి, సాత్వికులు, డబ్బాశ లేనివాళ్ళు, సత్యవంతులు, పరీక్షకి నిలబడినవాళ్ళు అని సంఘంతోనే చెప్తుంది. నాకు అర్థమైనంత వరకు కొడుకా కాదా అన్నది వాళ్ళకి రెండో ప్రశ్న. సంఘం అవును అన్నదా అన్నదే మొదటిది.

బెరయ_వాసి:
బంధువుల లిస్టు చెప్పినందుకు థ్యాంక్స్, కానీ నా ప్రశ్న దానివల్ల మారలేదు. మా పాస్టర్ గారు అడిగి ఉంటే సంఘంలో ముప్పావు మంది ఆ అబ్బాయికే చెయ్యి ఎత్తేవాళ్ళు, నేను కూడా ఎత్తేవాణ్ణేమో. అడగకపోవడమే నా బాధ.

దీనికి అగస్టీను చేసింది చూడండి. ఆయన హిప్పో అధ్యక్షుడు, హిప్పో అంటే ఇప్పటి అల్జీరియాలో అన్నాబా. 426 సెప్టెంబర్ 26, ఆయనకి డెబ్బై దాటాయి. మందిరంలో జనం అందరినీ పిలిచి, నా తర్వాత ప్రెస్బితేరు (అధ్యక్షుడి కింద ఉండే సంఘ పెద్ద) ఎరాక్లియు ఉండాలని నా కోరిక, మీ మాట చెప్పండి అన్నాడు. పక్కన రాతగాళ్ళు కూర్చుని జనం ఏం కేకలు వేశారో, ఎన్నిసార్లు వేశారో అంతా రాసుకున్నారు. తర్వాత ఆ కాగితం మీద సంతకాలు పెట్టమని వాళ్ళని అడిగాడు. ఎందుకింత హడావిడి అంటే అదే ప్రసంగంలో చెప్పాడు, మిలేవిస్ అనే ఊళ్ళో సెవేరు అనే అధ్యక్షుడు తన తర్వాత ఎవరో తన దగ్గరున్న సేవకులకి మాత్రమే చెప్పి, జనానికి చెప్పకుండా చనిపోయాడు, దానికి కొందరు నొచ్చుకున్నారు, గొడవ అవుతుందేమోనని భయం పట్టుకుంది. దాన్ని సర్దడానికి అగస్టీనే వెళ్ళాల్సి వచ్చింది. ఇంకోటి, ఎరాక్లియుని అప్పటికప్పుడు అధ్యక్షుణ్ణి చెయ్యలేదు, నేను బతికున్నంతకాలం ప్రెస్బితేరుగానే ఉంటాడు, పనులు మాత్రం చూస్తాడు అన్నాడు. అంతియొకయ నియమం అక్షరం ప్రకారం చూస్తే ఇది కూడా తప్పే కావచ్చు, తర్వాతివాణ్ణి తాను చూపించడమే కదా. కానీ మిలేవిస్ గొడవ చూసినవాడు చేసిన పని అది, మైకులో అనౌన్స్ చేసి ఆశీర్వాదం ఇచ్చేయడం లాంటిది కాదు.

డల్లాస్_చెల్లి:
ఇక్కడ మా తెలుగు సంఘానికి బోర్డ్ ఉంది, ఏడాదికోసారి లెక్కలు స్క్రీన్ మీద వేసి చూపిస్తారు, పాస్టర్ గారి జీతం ఎంతో కూడా అందరికీ తెలుసు. మొదట్లో పెద్దవాళ్ళు కొంచెం ఇబ్బంది పడ్డారు దైవజనుని జీతం స్క్రీన్ మీద వెయ్యడం ఏంటి అని, ఇప్పుడు అలవాటైపోయింది. ఇండియాలో ఎందుకు కుదరదు?

పీకే_అనుకోండి:
ఎందుకు కుదరదంటే అక్క, అక్కడ చూపించడానికి జీతం ఉంది. ఇక్కడ చూపించడానికి ఏముంది? మా నాన్న డైరీలో ఒక పేజీ, బియ్యం 25 కేజీలు ఫలానా వాళ్ళు అని.

దీన_సిస్టర్:
ఇందాకటి నుంచీ మగవాళ్ళే మాట్లాడుతున్నారు, పాస్టరమ్మ గారి గురించి పీకే బాబు తప్ప ఒక్కరూ మాట్లాడలేదు. సండే స్కూల్ ఆవిడే, స్త్రీల కూడిక ఆవిడే, ఊరి నుంచి వచ్చిన ప్రతి సేవకుడికీ భోజనం ఆవిడే, ఎవరింట్లో కాన్పైనా చావైనా ముందు వెళ్ళేది ఆవిడే. ఆమెకి హస్తనిక్షేపణ లేదు, రూపాయి లేదు, భర్త పోతే గది కూడా లేదు. ఆది సంఘం ఆది సంఘం అంటున్నారు కదా, మరి దీని గురించి వాళ్ళు ఏమైనా రాశారా లేక అధ్యక్షుల గురించేనా?

బెరయ_వాసి:
రాశారు సిస్టర్, అదే ఆశ్చర్యం. నేను మొదట 76వ నియమం చూసి కోపంగా పోస్ట్ పెట్టాను గానీ, 40వది దానికంటే పనికొచ్చేది, ఓరుగల్లు అన్న చెప్పిందీ పీకే చెప్పిందీ రెండూ అందులో ఉన్నాయి. దాని సారం ఇది. అధ్యక్షుడి సొంత ఆస్తి ఏదైనా ఉంటే అది వేరుగా, ప్రభువు ఆస్తి వేరుగా, అందరికీ తెలిసేలా ఉండాలి. ఎందుకంటే ఆయనకి భార్య, పిల్లలు, బంధువులు, పనివాళ్ళు ఉండొచ్చు. ఆయన సొంతది ఏదో తెలియక సంఘం నష్టపోకూడదు, సంఘం ఆస్తి అనే సాకుతో ఆయన కుటుంబమూ నష్టపోకూడదు, ఆయన చనిపోయాక వాళ్ళు కోర్టుల పాలు కాకూడదు, ఆయన పేరుకి మచ్చ రాకూడదు. రెండు వైపులా చెప్పింది గమనించండి, సంఘం వైపు మాత్రమే కాదు. అంతియొకయ 24వది కూడా ఇదే మాట, పైగా సంఘం ఆస్తి ఏదో ప్రెస్బితేరులకీ పరిచారకులకీ తెలిసి ఉండాలంటుంది.

అగస్టీను దగ్గర కూడా ఈ గొడవ జరిగింది. ఆయన దగ్గర సేవకులందరూ సొంత ఆస్తి లేకుండా కలిసి ఉండాలని రూలు. యనువారి అనే ప్రెస్బితేరు కూతురి కోసమని చెప్పి కొంత డబ్బు దాచిపెట్టుకున్నాడు, చనిపోయేముందు కొడుకుకీ కూతురికీ కాకుండా సంఘానికి వీలునామా రాశాడు. సంఘానికి లాభమే కదా అని ఎవరైనా తీసుకుంటారు. అగస్టీను తీసుకోలేదు, పిల్లల నోటి దగ్గరది మాకొద్దు అన్నాడు. ఆ తర్వాత 426 మొదట్లో మందిరంలో నిలబడి తన దగ్గరున్న సేవకులు ఒక్కొక్కరి పేరు చెప్పి, ఈయన దగ్గర ఏముంది, ఈయన అమ్మకి ఏం ఏర్పాటు చేశాడు, ఈయన స్థలం ఏం చేశాడు అని జనానికి లెక్క చెప్పాడు. డల్లాస్ చెల్లి చెప్పిన స్క్రీన్ ఇదే.

సువార్త_రాజు:
ఇవన్నీ వింటుంటే సంఘాన్ని కంపెనీ చేసేస్తున్నారు అనిపిస్తుంది. లెక్కలు, సంతకాలు, సొసైటీ. ఆత్మ నడిపింపు ఎక్కడ? బక్త్ సింగ్ గారు ఏ నియమాలు చదివి సంఘాలు కట్టారు? విశ్వాసంతో కట్టారు.

ఓరుగల్లు_విశ్వాసి:
రాజన్నా, బక్త్ సింగ్ గారి పేరు మంచిగ తీసినవ్. ఆయన సంఘాలల్ల ఒక్క పాస్టర్ కింద నడవది, పెద్దలందరు కలిసి చూస్తరు. హైదరాబాద్‌ల హెబ్రోను మందిరం ఆయన కట్టిండు గని ఆయన సొంతానికి కాదు. నువ్వు చెప్పిన ఉదాహరణ మా వైపే వస్తది.

మిషన్_కాంపౌండ్:
నేను ఒక్కటి అడుగుతా. ఈ నియమాలు రాసిన కాలంలో అధ్యక్షుడు ఒక పట్నం మొత్తానికి ఒకడు, పైన పక్క పట్నాల అధ్యక్షులు ఉంటారు, వాళ్ళు వచ్చి చెయ్యి వేస్తేనే ఆర్డినేషన్, తప్పు చేస్తే వాళ్ళే విచారిస్తారు. 254 ప్రాంతంలో స్పెయిన్‌లో ఇద్దరు అధ్యక్షులు హింసలకి భయపడి విగ్రహారాధన చేసినట్టు సర్టిఫికెట్లు తీసుకుంటే, కార్తేజు అధ్యక్షుడు సిప్రియాను, తోటి అధ్యక్షులు కూడి, ఆ జనం వాళ్ళని వదిలేసింది సరైనదే, తగినవాణ్ణి ఎన్నుకునే హక్కూ తగనివాణ్ణి వద్దనే హక్కూ జనానికి ఉంది అని రాశారు. అంటే పైన అడిగేవాళ్ళు, కింద అడిగేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు. ఇండిపెండెంట్ సంఘంలో పైన ఎవరూ లేరు, కింద నోరెత్తితే అభిషిక్తుడు. అలాంటప్పుడు 76వ నియమం తెచ్చి ఎవరి ముందు పెడతారు? అమలు చేసేది ఎవరు? నా దృష్టిలో ఇవి వర్తించవు అన్నది అందుకు, పాతవి అని కాదు.

బెరయ_వాసి:
ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే గట్టి మాట, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ అమలు చేసేవాడు లేడు కాబట్టి నియమం వర్తించదు అంటే, ఇండిపెండెంట్ సంఘాలకి ఇంక ఏ నియమమూ వర్తించదు, 1 తిమోతి 3 కూడా. కొత్తగా చేరినవాడై ఉండకూడదు, బయటివాళ్ళ దగ్గర మంచి సాక్ష్యం ఉండాలి, ముందు పరీక్షింపబడాలి, ఇవి ఎవరు అమలు చేస్తారు? సంఘమే చెయ్యాలి. పక్క ఊరి పాస్టర్లు ఇద్దరు ముగ్గుర్ని పిలిచి వాళ్ళ ముందు జరిపించొచ్చు, ఎలాగూ హస్తనిక్షేపణకి పిలుస్తాం కదా, బిర్యానీ తినడానికి మాత్రమే కాకుండా అడగడానికి కూడా పిలుద్దాం.

నేను మిగతా ముగ్గురు పెద్దలతో మాట్లాడాను. కొడుకు వద్దు అని అడ్డం తిరిగే ఉద్దేశం ఎవరికీ లేదు. పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి మూడు అడుగుదామనుకుంటున్నాం. సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించి మందిరం స్థలం సంఘం పేరు మీదకి మార్చడం. వెనకాల రెండు గదులు అమ్మగారు బతికున్నంతకాలం ఆమెవే, పాస్టర్ ఎవరొచ్చినా సరే, అని కాగితం మీద రాయడం, నెలకి ఎంతో కొంత కూడా. ఆ తర్వాత సంఘాన్ని కూర్చోబెట్టి అబ్బాయి పేరు పెట్టి అడగడం, ఒక ఏడాది తండ్రి దగ్గరే సహాయకుడిగా ఉండి తర్వాత హస్తనిక్షేపణ.

సువార్త_రాజు:
పాస్టర్ గారు నొచ్చుకుంటారు బ్రదర్. అంత కష్టపడిన మనిషిని ఆస్తి కాగితాలు అడగడం అంటే మీ మీద నమ్మకం లేదు అన్నట్టే. నేనైతే వెళ్ళను.

దీన_సిస్టర్:
మీరు వెళ్ళొద్దులెండి రాజు గారు. బెరయ అన్నా, వెళ్ళేటప్పుడు ముందు రెండోది చెప్పండి, అమ్మగారి గదుల సంగతి, అదీ ఆవిడ కూడా గదిలో ఉన్నప్పుడు. స్థలం సంగతి తర్వాత. నలుగురు మగవాళ్ళు వెళ్ళి మొదటి మాటే రిజిస్ట్రేషన్ అంటే టీ కూడా ఇవ్వరు.

ఓరుగల్లు_విశ్వాసి:
పోయేముందు ఆ సర్వే నంబర్ మీద ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుర్రి, మీసేవల దొరుకుతది. ఎవరి పేరు మీద ఉన్నదో, తాకట్టు గిట్ల ఉన్నదో మీకు ముందే తెల్వాలె, తెల్వకుండ పోయి అడిగితే మాట మాట పెరుగుతది.

పీకే_అనుకోండి:
ఈసీలో కనపడని అప్పులు కూడా అడగండి అన్నా. మా మందిరం స్లాబ్‌కి తీసుకున్న లోన్ సంఘం పేరు మీదా లేదు, నాన్న పేరు మీదా లేదు. నా జీతం మీద పర్సనల్ లోన్. ఇంకా కడుతూనే ఉన్నా, సంఘంలో ఎవరికీ తెలీదు.